కీటకాహార మొక్కల కుండీలో ఏం కలపాలి: పెర్లైటా, ఇసుకా, ఇంకేదైనానా?

హన్మకొండలో ఏ నర్సరీకైనా వెళ్ళి "అన్నా, కుండీల నీళ్ళు నిలవకుండా ఏం కలపాలె?" అని అడగండి. ఇసుక కలపమంటారు, ఊక కలపమంటారు, అడుగున ఇటుక ముక్కలు పరవమంటారు. గులాబీకి, మందారానికి ఆ సలహా బాగానే పనిచేస్తుంది. వీనస్ ఫ్లైట్రాప్, సన్‌డ్యూ, నెపెంథిస్ అనే కూజా మొక్క లాంటి కీటకాహార మొక్కలకు మాత్రం అదే సలహా ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ మొక్కలు పుట్టిందే సారం లేని నేలల్లో. నాచు పేరుకున్న చిత్తడి, ఎప్పుడూ చెమ్మగా ఉండే ఇసుక నేల లాంటి చోట్ల నీళ్ళకు కొదవ ఉండదు గానీ, ఆ నీళ్ళలో నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. ఆ లోటు తీర్చుకోవడానికే వీటి ఆకులు బోనులుగా, కూజాలుగా, జిగురు వలలుగా మారాయి. వేళ్ళు ముఖ్యంగా నీళ్ళు తాగడానికి, మొక్కను నిలబెట్టడానికి పనికొస్తాయి. వేరే మొక్కలకు బలమిచ్చే లవణాలే ఈ వేళ్ళను మాడ్చేస్తాయి. మా పక్కింటి పెద్దమ్మ ఇప్పటికీ నా కుండీలు చూసి "బిడ్డా, జెర పేడెరువు ఎయ్యరాదు?" అంటుంది. ఆమె ప్రేమ కొద్దీ అనే మాటే అది, కానీ ఒక్క గుప్పెడు పేడ ఎరువు చాలు, వారం పది రోజుల్లో ఫ్లైట్రాప్ నల్లబడటానికి.

అందుకే కుండీలో కలపాలనుకునే ఏ వస్తువు గురించైనా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను, అదీ ఈ వరుసలోనే. నీళ్ళలో నానితే ఇది ఏం వదులుతుంది? ఆ తరువాతే, వేళ్ళకు ఎంత గాలి ఇస్తుంది?

ఈ వరుస నేను ఒక ట్రే నిండా సన్‌డ్యూలు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మేడ మీద గది కట్టగా మిగిలిన గోదావరి ఇసుక ఉంటే, రెండు మూడుసార్లు కడిగి, చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి పేరుకుని తయారయ్యే పీట్‌లో సగానికి సగం కలిపాను. నెల రోజులు బాగానే ఉన్నాయి. ఆ తరువాత ఆకు వెంట్రుకల కొనల మీద మెరిసే జిగురు బొట్లు ముందు చిన్నవయ్యాయి, తరువాత పూర్తిగా ఆరిపోయాయి. కొత్త ఆకు చుట్ట విప్పకముందే కొన నల్లబడేది. నీళ్ళు మార్చాను, నీడకు జరిపాను, ఏం లాభం లేకపోయింది. చివరికి కుండీ బోర్లించి ఇసుకను అరచేతిలో పరిచి చూస్తే, గోరులో సగం కూడా లేని తెల్లటి నత్తగుల్ల పెంకులు కనిపించాయి. ఒక చెంచా ఇసుక గాజు గ్లాసులో వేసి వంటింటి వెనిగర్ పోశాను. పెంకుల చుట్టూ సన్నటి బుడగలు వరుసగా లేచాయి. సున్నం ఉన్నచోటే అలా బుడగలు వస్తాయి. పీట్ పుల్లటి పదార్థం, దాని పీహెచ్ నాలుగుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ పులుపు రోజూ కొంచెం కొంచెంగా పెంకుల్ని కరిగించింది, కరిగిన సున్నం వేళ్ళకు చేరింది.

నీళ్ళు పోవడానికి కాదు, గాలి ఆడటానికి

వస్తువులను పోల్చేముందు "డ్రైనేజీ" అనే మాట సంగతి తేల్చుకోవాలి. ఫ్లైట్రాప్, నిలువు కూజాలుండే సర్రసీనియా, ఎక్కువ రకాల సన్‌డ్యూలను మనం పెంచేదే నీళ్ళ ట్రేలో. కుండీ అడుగు ఒకటి రెండు సెంటీమీటర్ల నీళ్ళలో నిలబడి ఉంటుంది. అలాంటప్పుడు నీళ్ళు "పోవడం" అనే ప్రశ్నే లేదు. పీట్ ఒక్కటే నింపితే అది కొన్ని నెలల్లో కుదించుకుపోయి ముద్ద అవుతుంది, లోపల గాలి ఉండదు, వేరు కుళ్ళుతుంది. మనం కలిపే పెర్లైట్ గానీ ఇసుక గానీ ఆ ముద్ద కట్టడాన్ని ఆపి, గింజకు గింజకు మధ్య గాలికి చోటు ఉంచుతుంది. దాని పని అంతే.

వరంగల్‌లో ఈ గాలి విషయం ఇంకాస్త ముఖ్యం. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు పడినప్పుడు ట్రేలో నీళ్ళు మధ్యాహ్నానికి గోరువెచ్చగా అయిపోతాయి. చల్లటి దేశాలవాళ్ళు రెండు పాళ్ళ పీట్‌కు ఒక పాలు పెర్లైట్ చాలంటారు. నేను ఇక్కడ సగం సగం వేస్తాను. దానివల్ల పై పొర తొందరగా ఆరుతుంది నిజమే, కానీ ట్రేలో నీళ్ళు ఉన్నంతవరకు ఆ భయం లేదు.

ఇక అడుగున ఇటుక ముక్కలో కంకరో పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయన్న నమ్మకం. ఇది నిజమో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. గిన్నెలు తోమే కొత్త స్పాంజ్ ఒకటి నీళ్ళలో ముంచి, వెడల్పు వైపు కిందికి ఉండేలా పట్టుకోండి. కారాల్సినంత కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ బొటబొటా కారుతుంది. కుండీ మిశ్రమంలోనూ అంతే. అడుగున కొంత మందం మేర నీళ్ళు పట్టుకునే ఉంటాయి, ఆ మందం మిశ్రమాన్ని బట్టి ఉంటుంది. కింద కంకర పోస్తే ఆ తడి పొర పోదు, అదే కంకర మీదికి జరిగి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. కాబట్టి కంకరకు పెట్టే శ్రద్ధ కుండీ ఎత్తు మీద పెట్టండి. ఫ్లైట్రాప్‌కు 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతున్న ప్లాస్టిక్ కుండీ మంచిది. మట్టి కుండీ వద్దు. అది పక్కల నుంచి నీళ్ళు పీల్చి ఆరబెడుతుంది, లవణాలను గోడల్లో పేరుస్తుంది.

పెర్లైట్

పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలతాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. లోపల నిండా సన్నటి గాలి రంధ్రాలు ఉండటం వల్లే ఆ తేలిక. పెర్లైట్ కూడా అలాంటిదే. అది అగ్నిపర్వతాల నుంచి వచ్చిన గాజు రాయి. ఆ రాయిలో కొంచెం నీరు చిక్కుకుని ఉంటుంది. దాన్ని 850, 900 డిగ్రీల వేడికి గురిచేస్తే రాయి మెత్తబడి, లోపలి నీరు ఆవిరై, పేలాల్లా ఉబ్బుతుంది. అసలు పరిమాణానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనకు దొరికే తెల్లటి గింజ అదే.

మన మొదటి ప్రశ్నకు దీని జవాబు బాగుంటుంది. నీళ్ళలో నానినా దాదాపు ఏమీ వదలదు, పీహెచ్ కూడా తటస్థానికి దగ్గరగా ఉంటుంది. గాలి విషయంలోనూ మంచి మార్కులే. తేలిక కాబట్టి బాల్కనీ గ్రిల్‌కు వేలాడే కుండీలకు సరిగ్గా సరిపోతుంది. కొనేటప్పుడు కిలో ధర చూసి భయపడొద్దు, కిలో పెర్లైట్ దాదాపు 8 నుంచి 10 లీటర్లు వస్తుంది. కొందరు లీటర్ల లెక్కన, కొందరు కిలోల లెక్కన అమ్ముతారు. రెండింటినీ లీటర్లలోకి మార్చి పోల్చుకోండి.

లోపాలూ ఉన్నాయి. మొదటిది దుమ్ము. సంచి విప్పి పొడిగా ఒంపితే తెల్లటి ధూళి లేస్తుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. సంచి మూల చిన్నగా కత్తిరించి, లోపలికి రెండు చెంబుల నీళ్ళు పోసి, కుదిపి, అప్పుడు బకెట్‌లోకి ఒంపండి. మాస్క్ పెట్టుకోండి. పైకి తేలిన గింజలను జాలీ గరిటెతో తీసుకుని, అడుగున మిగిలిన పిండి లాంటి నీళ్ళను పారబోయండి. ఆ పిండే రంధ్రాలను మూసేసేది. గింజ 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉన్న రకం అడగండి. పిండిలా ఉండే సన్న రకం ఎంత చవకైనా వద్దు.

రెండోది, వాన. జులైలో ముసురు పట్టి వారం పాటు కురిస్తే, ఆరుబయట ఉన్న కుండీల్లో పెర్లైట్ మెల్లగా పైకి తేలుతుంది. సెప్టెంబర్ నాటికి పైనంతా తెల్లటి గింజలు, కింద ఉత్త పీట్ ముద్ద. ఆ గింజల మీద ఆకుపచ్చ పాచి కూడా తొందరగా పడుతుంది. మొక్కకు దానివల్ల పెద్ద నష్టం లేదు గానీ, చిన్న సన్‌డ్యూ మొలకలు మాత్రం కదిలే గింజల కింద పడి పోతాయి.

ఇసుక

ఇసుక అంటే అన్నీ ఒకటి కావు. మనకు కావలసింది పలుగురాతి ఇసుక, బజారులో సిలికా శాండ్ అంటారు. పలుగురాయి నీళ్ళలో కరగదు, పీట్ పులుపుకూ లొంగదు. బోరు నీళ్ళ ఫిల్టర్ ట్యాంకుల్లో పోసే ఇసుక ఇదే కాబట్టి, ఫిల్టర్లు బిగించేవాళ్ళ దగ్గర అడిగితే దొరుకుతుంది. వాళ్ళు పెద్ద బస్తాల్లో అమ్ముతారు, ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకోవడం మంచిది. గింజ 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉండాలి. మరీ సన్నటి ఇసుక పీట్ గింజల మధ్య దూరి, గాలి ఇవ్వాల్సింది పోయి ఉన్న గాలిని కూడా మూసేస్తుంది.

గోదావరి ఇసుక సంగతి పైన చెప్పాను. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, నల్లరాతి నేలల మీదుగా, తరువాత ఎన్నో రకాల నేలల మీదుగా మన దాకా వస్తుంది. దారిలో ఎన్ని రకాల రాళ్ళు, సున్నపు గడ్డలు, గుల్లలు కలుస్తాయో లారీ లారీకి మారుతుంది. ఒక లారీ ఇసుక బాగుండొచ్చు, ఇంకొకటి బాగుండకపోవచ్చు. ఇల్లు కట్టడానికి అది బంగారం లాంటి ఇసుక. కుండీకి మాత్రం పరీక్షించకుండా వాడొద్దు.

క్రషర్‌లో రాయిని నలగ్గొట్టి చేసే రోబో శాండ్ గురించి చాలామంది అడుగుతారు. ఓరుగల్లు అంటేనే ఏకశిల. చుట్టూ గ్రానైట్ కొండలు, క్రషర్లు. ఆ రాయిలో సున్నం పెద్దగా ఉండదు కాబట్టి మొదటి ప్రశ్నలో కొంతవరకు నెగ్గుతుంది. రెండో ప్రశ్నలో ఓడిపోతుంది. అందులో రాతి పిండి చాలా ఎక్కువ, తడిస్తే సిమెంట్‌లా పట్టేస్తుంది. సన్న జల్లెడ పట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి వాడేంత ఓపిక ఉంటే వాడండి, నాకు లేదు.

ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు "దుబ్బ నేల మట్టి వాడొచ్చు కదా, నీళ్ళు నిలవవు" అంటారు. దుబ్బ అయినా, చల్క అయినా, రేగడి అయినా పొలం మట్టి పొలం మట్టే. బంకమన్ను, లవణాలు, ఏళ్ళ తరబడి వేసిన ఎరువులు అన్నీ అందులో ఉంటాయి. ఈ కుండీల్లోకి పొలం మట్టి చిటికెడు కూడా వద్దు.

సిలికా ఇసుక గొప్పతనమంతా బరువులో ఉంది. లీటరు ఇసుక కిలోన్నర పైనే తూగుతుంది. వాన కొట్టినా కదలదు, గాలికి కుండీ పడిపోదు, మొలకలు కప్పబడవు. మన దక్కన్‌లోనే వానాకాలం తడి ఇసుక నేలల్లో తనంతట తాను మొలిచే డ్రోసిరా బర్మానీ, డ్రోసిరా ఇండికా లాంటి సన్‌డ్యూలు విత్తనం నుంచి పెంచాలంటే నేను ఇసుకే వాడతాను, పెర్లైట్ జోలికి పోను. ఆ విత్తనం ధూళి అంత ఉంటుంది, దానికి కదలని నేల కావాలి. ఆ బరువే లోపం కూడా. పది కుండీలున్న ట్రేను ఎండ నుంచి నీడకు జరపాలంటే నడుం పట్టేస్తుంది.

మిగతావి

ప్యూమిస్ కూడా అగ్నిపర్వతపు రాయే, కాల్చకుండానే రంధ్రాలతో ఉంటుంది. పెర్లైట్ కంటే బరువు కాబట్టి అంతగా తేలదు, నలగదు. అన్ని విధాలా మంచిదే, ఖరీదు తప్ప. బాగా కడిగి వాడండి.

వర్మిక్యులైట్‌ను పెర్లైట్‌తో పొరబడేవాళ్ళు చాలామంది. పేర్లు పక్కపక్కనే ఉంటాయి, సంచులు కూడా. ఇది బంగారు రంగులో పొరలు పొరలుగా మెరుస్తుంది. నీళ్ళు పట్టి ఉంచుతుంది, మెగ్నీషియం, పొటాషియం వదులుతుంది, కొన్నాళ్ళకు నలిగి పిండి అవుతుంది. నారు పోయడానికి చక్కటి వస్తువు. ఫ్లైట్రాప్‌కు, సన్‌డ్యూకు వద్దు. మెక్సికో నుంచి వచ్చిన, జిగురు ఆకులుండే పింగ్విక్యులాలు మాత్రం దీన్ని తట్టుకుంటాయి, వాటికి రాతి మిశ్రమాలే నచ్చుతాయి.

ఊక మనకు ఉచితంగా దొరుకుతుంది, మిల్లులన్నీ చుట్టూనే ఉన్నాయి. కానీ తడిలో అది కుళ్ళి, ఏడాది తిరక్కుండా కుదించుకుపోతుంది. ఊక బూడిద అసలే వద్దు, అది క్షార గుణం ఉన్నది. ఇటుక ముక్కలు, కాల్చిన మట్టి గోళీలు లవణాలు వదిలే అవకాశం ఉన్నవి. గోళీలను చాలాసార్లు నానబెట్టి నీళ్ళు పారబోసి కూజా మొక్కలకు వాడేవాళ్ళున్నారు, నేను ట్రే మొక్కలకు వాడను. థర్మాకోల్ గింజలు ఏమీ వదలవు నిజమే గానీ, మొదటి వానకే కుండీ లోంచి కొట్టుకుపోయి కాలువ పాలవుతాయి. ఆ చెత్త మన చెరువుల్లోకే చేరుతుంది. పెర్లైట్ దొరుకుతున్నప్పుడు దాని అవసరం లేదు.

కొబ్బరి పీచు ముక్కలు, ఆర్కిడ్‌లకు వాడే పైన్ బెరడు, బొగ్గు ఈ మూడూ నెపెంథిస్‌కు పనికొస్తాయి. మేఘాలయ కొండల్లో పెరిగే నెపెంథిస్ ఖాసియానాతో సహా ఈ జాతికి ట్రేలో నిలిచిన నీళ్ళు నచ్చవు, వేళ్ళకు ధారాళంగా గాలి కావాలి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. మూడు నాలుగు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టకుండా వాడొద్దు. బొగ్గు అయితే బూడిద పూర్తిగా పోయేలా కడగాలి, అదీ గుప్పెడుకు మించొద్దు.

కొన్న వస్తువును ఇంట్లో ఎలా పరీక్షించాలి

నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. ఈ పెంపకంలో అంతకంటే ఉపయోగపడే వస్తువు ఇంకొకటి లేదు. ముందు ఆర్‌ఓ నీళ్ళలో గానీ పట్టి పెట్టుకున్న వాన నీళ్ళలో గానీ మీటర్ ముంచి అంకె రాసుకోండి. ఒక కప్పు పెర్లైట్ లేదా ఇసుక రెండు కప్పుల ఆ నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున మళ్ళీ కొలవండి. పదో ఇరవయ్యో పెరిగితే కడిగి వాడుకోవచ్చు. యాభై పెరిగితే బాగా కడిగి మళ్ళీ పరీక్షించండి. వంద దాటితే గులాబీ కుండీకి ఇచ్చేయండి.

అయితే మీటర్ సున్నాన్ని పట్టుకోలేకపోవచ్చు. సున్నం మామూలు నీళ్ళలో చాలా మెల్లగా కరుగుతుంది, పీట్ పులుపు తగిలినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. నా సన్‌డ్యూల విషయంలో జరిగింది అదే. కాబట్టి ఇసుకకు వెనిగర్ పరీక్ష విడిగా చేయాలి. గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంటే, కంటికి కనిపించని సన్న బుడగల చిటపట కూడా వినిపిస్తుంది. మూడోది, సీసా పరీక్ష. సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్ళు పోసి గట్టిగా కుదిపి పక్కన పెట్టండి. ఒక నిమిషం తరువాత కూడా నీళ్ళు టీ రంగులో ఉంటే ఇంకా కడగాలి.

ఇదే మీటర్‌తో మీ ఇంటి నీళ్ళు కూడా చూసుకోండి. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్ దాకా ఆమోదమే. ఈ మొక్కలకు 50 లోపు ఉంటే మంచిది. అంటే మనకు మంచి నీళ్ళయినవి వీటికి పది రెట్లు ఉప్పు నీళ్ళు. బోరు నీళ్ళు పోస్తూ ఖరీదైన పెర్లైట్ కొనడం వృథా. ఏసీ నుంచి కారే నీళ్ళు చాలా మంచివి, వేసవిలో నా కుండీలు బతికేది వాటితోనే. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్ళు మాత్రం కొలవకుండా పోయొద్దు, కొన్నిచోట్ల ఖనిజాలు కలుపుతారు.

ఇక ఎంపిక

మొదటిసారి ఒకటో రెండో ఫ్లైట్రాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు పెర్లైట్ కొనండి, వేరే ఆలోచన వద్దు. పీట్ ఒక పాలు, పెర్లైట్ ఒక పాలు. పాళ్ళు ఎప్పుడూ కప్పుతోనో మగ్గుతోనో కొలవాలి, తూకం వేయొద్దు. పీట్ సంచి మీద ఎరువు, సున్నం కలపలేదని రాసి ఉందో లేదో చూడండి. నారు ట్రేల కోసం అమ్మే పీట్‌లో ఆ రెండూ కలిపి ఉంటాయి. పీహెచ్ 5.5 నుంచి 6 అని రాసి ఉంటే సున్నం కలిపారని అర్థం.

కుండీలు ఆరుబయట వానకు తడిసేవైతే, సన్‌డ్యూలు ఎక్కువగా పెంచేవాళ్ళయితే, సిలికా ఇసుకకు మారండి. అదీ సగం సగమే. సర్రసీనియాకు నేను రెండు పాళ్ళ పీట్‌కు ఒక పాలు పెర్లైట్, ఒక పాలు ఇసుక వేస్తాను. మొక్క పొడుగ్గా పెరుగుతుంది కాబట్టి అడుగు బరువు అవసరం. నెపెంథిస్‌కు రెండు పాళ్ళ పొడవు స్ఫాగ్నమ్ నాచు, ఒక పాలు పెర్లైట్, ఒక పాలు బెరడు లేదా నానబెట్టిన కొబ్బరి పీచు ముక్కలు. ట్రే వద్దు, పైనుంచి నీళ్ళు పోసి కిందికి కారనివ్వండి.

ట్రేలో నీళ్ళు వారానికి ఒకసారి పూర్తిగా ఒంపేసి మార్చండి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఎండల్లో పీట్ తొందరగా నలుగుతుంది కాబట్టి మిశ్రమాన్ని ఏడాదికోసారి మార్చడం మంచిది. ఫ్లైట్రాప్, సర్రసీనియాలకు జనవరి చివర, ఎండలు ముదరకముందే మార్చేయండి. నెపెంథిస్‌కు జూన్‌లో రెండు మంచి వానలు పడి గాలిలో తేమ చేరాక మార్చండి. దక్కన్ సన్‌డ్యూ విత్తనాలు కూడా అప్పుడే, తడిపిన ఇసుక మిశ్రమం మీద చల్లి, మట్టి కప్పకుండా వెలుతురులో వదిలేయండి.